మొదటి బండి మీద ఇసుక బస్తా

ప్రభాకర్ సార్ ఇంకా బతికే ఉన్నాడని తెలిసిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఆయన మీద ప్రేమతో కాదు. చచ్చిపోయినవాళ్ల మీద పగ తీర్చుకోవడం కుదరదు కదా, ఆ అవకాశం ఇవ్వకుండానే ఎక్కడ జారుకున్నాడో అని ఇన్నేళ్లూ లోపల ఒక బెంగ ఉండేది. ఒక ఆదివారం పేపరు అనుబంధంలో ఆయన ఫోటో వేశారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, చేతిలో కర్ర, పక్కన ఎర్రరంగు మోటార్ సైకిలు. నాచారంలో రేకుల షెడ్డులో పుట్టిన ఆయన కంపెనీ, ఆ పాత షెడ్డుకే అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, తన చరిత్రను జనానికి చూపించే ప్రదర్శనశాలగా తెరుస్తోందట. “తొలి బండిని నా చేతులతో నేనే తయారుచేశాను” అన్న ఆయన మాటను పెద్ద అక్షరాల్లో వేశారు. ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఇంకో విశేషం రాశారు. వెనక కూర్చునే ఆడవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ అన్ని బండ్లకూ ఎడమవైపు ఉంటే, ఈ తొలి బండికి మాత్రం కుడివైపు ఉందట. బండ్లు కుడివైపు నడిచే విదేశీ రోడ్లను దృష్టిలో పెట్టుకొని ఆయన ఎంతో ముందుచూపుతో అలా పెట్టాడట.

కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదివాను. తర్వాత నవ్వాపుకోలేకపోయాను. వంటింట్లోంచి అమ్మ “ఏందే, గంతగనం నవ్వుతున్నవ్?” అని అడిగింది. నేను పేపరు మడిచి పరుపు కింద పెట్టుకున్నాను. నలభై ఏళ్లుగా నేను ఎదురుచూస్తున్నది ఇలాంటి అబద్ధం కోసమే. ఆ ఫుట్‌రెస్ట్ కుడివైపుకు ఎందుకు వచ్చిందో ఈ లోకంలో ముగ్గురికే తెలుసు. వాళ్లలో మా నాయిన ఇప్పుడు లేడు. మిగిలింది మా అమ్మ, నేను.

అప్పట్లో మా ఇల్లు నాచారం పాత ఊళ్లో, ఇండస్ట్రియల్ ఏరియా గోడకు ఇవతల ఉండేది. తాత రోజుల్లో ఆ గోడ లేదు, అవతలంతా జొన్నచేలే. నేను పుట్టేసరికి చేలు పోయి షెడ్లు వచ్చాయి. పొద్దున తలుపు తీస్తే గాలి ఎటునుంచి వీస్తే ఆ వాసన వచ్చేది, ఒకనాడు బిస్కెట్లు కాలే తియ్యటి వాసన, ఇంకోనాడు గొంతులో పట్టేసే రంగుల వాసన. నాయనమ్మకు గడియారం చూడడం రాదు. సాయంత్రం షెడ్ల సైరన్ వినపడగానే లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ఆ నీళ్లు కాగేలోపు నాయిన వచ్చేవాడు. వాకిట్లో నీళ్ల గోలెం దగ్గర నిలబడి చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత పొయ్యిలోని బూడిదతో, ఆఖరున సబ్బుతో కడుక్కునేవాడు. ఎంత కడిగినా వేళ్ల సందుల్లో కాలిన ఇత్తడి వాసన మిగిలే ఉండేది. ఆ వాసన వెనకే వేడి వేడి జొన్నరొట్టె వచ్చేది కాబట్టి, ఇప్పటికీ రోడ్డు పక్కన ఎవరైనా గ్యాస్ వెల్డింగ్ చేస్తుంటే నాకు ఆకలి వేస్తుంది.

ఆ రొట్టెలను అమ్మ ఎడమచేత్తో చేసేది. చిన్నప్పుడు బావి గట్టు మీంచి పడి కుడి మోచేయి విరిగితే, కట్టు కట్టినాయన దాన్ని చాపి కట్టాడు. ఎముక అలాగే అతుక్కుపోయి, ఆ చెయ్యి ఇక వంగలేదు, పట్టు కూడా పోయింది. పిండి తట్టడం, నీళ్లు చేదడం, నా జడ వేయడం, అన్నీ ఎడమచేత్తోనే. “ఎడమచేత్తో బువ్వ పెడితే ఇంట్ల సిరి ఉంటదా?” అని నాయనమ్మ రోజూ సణిగేది. నాయిన మాత్రం ఏమీ అనకుండా, అమ్మ చేతికి అందేలా కంచాన్ని తనే కొంచెం జరిపి పెట్టుకునేవాడు. వాళ్లిద్దరి మధ్య నేను చూసిన ముద్దూ మురిపెమూ అంతవరకే.

నాయిన పేరు యాదగిరి. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకొని, ఇనుప బీరువాలు చేసే చోట వెల్డింగ్ చేస్తుండగా ప్రభాకర్ సార్ వచ్చి తీసుకుపోయాడు. ఆయన పేరుకు ‘గారు’ తగిలించమంటే నా పెన్ను మొరాయిస్తుంది, చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు. సార్ పెద్ద చదువు చదివినవాడు. సర్కారు ఉద్యోగం వదిలేసి, మధ్యతరగతి వాళ్లకు అందుబాటులో ఉండే చిన్న మోటార్ సైకిలు చేస్తానని నాచారంలో షెడ్డు తీసుకున్నాడు. ఇంజన్లు బయటినుంచి చెక్కపెట్టెల్లో వచ్చేవి, మిగతాదంతా ఇక్కడే పుట్టాలి. పనిచేసేవాళ్లు ఎనిమిది మంది. సార్ కాగితం మీద గీసిన ఫ్రేము చూడ్డానికి బాగానే ఉండేది కానీ, ఆ లెక్కన పైపులు వంచితే ట్యాంకు ఒక పక్కకు ఒరిగేది, ఇంజన్ కూర్చునేది కాదు. చివరికి నాయిన సుద్దముక్క తీసుకొని షెడ్డు నేల మీద బండి నిలువెత్తు బొమ్మ గీశాడు. ఆ గీతల మీద పైపులు పరుచుకుంటూ, వంచుకుంటూ ఫ్రేము కట్టాడు. కొన్ని వారాలపాటు ఆ జాగాలో ఎవరూ చీపురు పెట్టలేదు. టీ తెచ్చే మనిషి కూడా బొమ్మ తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చేవాడట. మధ్యాహ్నం సార్ చెక్కపెట్టె మీద కూర్చొని నాయిన డబ్బాలోంచే రొట్టె తుంచుకునేవాడు. “మీ ఇంట్లో రొట్టె ఇంత మెత్తగా ఎలా వస్తుంది యాదగిరీ?” అనేవాడట. ఆ మాట నాయిన ఇంటికొచ్చి చెబితే అమ్మ మర్నాటి నుంచి రెండు రొట్టెలు ఎక్కువ పెట్టేది. నాకు అన్నిటికన్నా మండేది ఆ రెండు రొట్టెలు గుర్తొచ్చినప్పుడే.

బండి నిలబడ్డాక దాన్ని రోడ్డు మీద తిప్పి చూడాలి. వెనక మనిషి బరువుంటే ఎలా పోతుందో కూడా చూడాలి. ఇసుక బస్తా కట్టి తిప్పమన్నాడు సార్. నాయిన ఒక రోజు తిప్పి, ఇంటికొచ్చి అరుగు మీద చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాడు. “బస్త ఏం జెప్తది? గుంతల పడ్డా కుయ్యిమనది, కయ్యిమనది. మనిషి గూసుంటే గద ఎక్కడ నొస్తదో తెలిసేది” అన్నాడు. అమ్మ రొట్టె తిప్పుతూ “మరి మనిషినే కూసోబెట్టరాదు?” అంది. “ఎవరొస్తరు?” అన్నాడు నాయిన. అమ్మ తల ఎత్తకుండానే “నేనున్న గద” అంది.

మర్నాడు అరుగు మీద రెండు స్టూళ్లు వేసి, వాటి మీద చెక్క పలక పెట్టి అమ్మను వెనక పక్కకు తిరిగి కూర్చోమన్నాడు నాయిన, తను ముందు కూర్చున్నాడు. ఆడవాళ్లందరూ బండి మీద ఎడమవైపు కాళ్లు వేసి కూర్చుంటారు, అప్పుడు ముందున్న మనిషిని పట్టుకునేది కుడిచేత్తో. అమ్మకు ఆ చెయ్యి పనికిరాదు. అందుకని తిరగేసి కుడివైపుకు కాళ్లు వేసి కూర్చుంది, ఎడమచెయ్యి నాయిన భుజం మీద వేసింది. నాయిన లేచి, ఆమె పాదం ఎంత ఎత్తులో ఆగుతుందో టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో గీత గీశాడు. దాని ప్రకారం బండికి కుడివైపున ఫుట్‌రెస్ట్ అతికాడు. సైలెన్సర్ అప్పటిదాకా కుడివైపే ఉంది, చీర అంటుకుంటుందని దాన్ని ఎడమవైపుకు మార్చాడు. సార్ అడిగితే “ఇది నమూనా బండే గద సార్, అమ్మేటియి అన్నిట్లెక్కనే జేద్దాం” అన్నాడట. సరేనన్నాడు సార్. అప్పుడు విదేశీ రోడ్ల ఊసే లేదు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వాళ్లిద్దరూ బండి మీద పోయారు. హబ్సిగూడ దాకా పోయి, ఉప్పల్ మీదుగా బోడుప్పల్, నారపల్లి. “మొగని యెనక బండెక్కి ఊరేగుతవా, ఇజ్జత్ లేదా?” అని నాయనమ్మ గోల. “ఊరేగుడు గాదత్తా, డ్యూటీ” అనేది అమ్మ, కొంగు నడుముకు బిగిస్తూ. నారపల్లి పొలాల దగ్గర బండి ఆపి, డబ్బాలో తీసుకెళ్లిన సర్వపిండి తిని తిరిగొచ్చేవాళ్లు. వచ్చాక అమ్మ చెప్పేది, నాయిన నోటుబుక్కులో రాసుకునేవాడు. కాలు తిమ్మిరెక్కిందంటే ఫుట్‌రెస్ట్ వెడల్పయింది. నడుముకు కొడుతోందంటే వెనక స్ప్రింగులు మారాయి. ఒక ఆదివారం అమ్మ “బిరేకు గొట్టినప్పుడల్లా ముందట మెడ కాడ టక్కుమంటుంది, నాకు ఇనొస్తుంది” అంది. నాయినకు వినపడలేదట, ఇంజన్ చప్పుడులో. కానీ అమ్మ చెవులను నమ్మి, హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర మూడు మూలల ఇనుప పట్టీ వేసి అతికాడు. మళ్లీ ఆదివారం అమ్మ దిగి “ఇప్పుడు మంచిగుంది” అంటే, ఆ రోజుతో నమూనా బండి పని పూర్తయిందని సార్‌కు చెప్పాడు.

అమ్మే బండ్లకు మాత్రం సార్ ఆ పట్టీ తీసేశాడు. చూపుకు బాగలేదట. నాయిన వద్దని ఎంత చెప్పినా వినలేదు. మొదటి విడత బండ్లు రోడ్డెక్కిన కొన్ని నెలలకే మెడ దగ్గర పగుళ్లు వచ్చాయి. ఒక బండి ఉప్పల్ రోడ్డు మీద రెండు ముక్కలై, నడిపే ఆయనకు భుజం విరిగింది. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవాలి కదా. సార్ అందరినీ షెడ్డులో నిలబెట్టి, యాదగిరి వెల్డింగ్ చేతకాక ఇదంతా జరిగిందని చెప్పాడు. గేటు దగ్గర నాయిన పనిముట్ల పెట్టె విప్పి వెతికించాడు, దొంగను వెతికినట్టు. అమ్మ మాటలు రాసుకున్న నోటుబుక్కు అందులో ఉంటే కంపెనీదని లాగేసుకున్నారు.

ఆ రోజు సైరన్ కంటే ముందే, నడి మధ్యాహ్నం నాయిన ఇంటికొచ్చాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా గోలెం దగ్గర నిలబడి కిరసనాయిలుతో, బూడిదతో, సబ్బుతో కడుక్కున్నాడు. బడికి సెలవు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. “ఇరిగినయన్నీ నా చెయ్యి తప్పంటుండు” అన్నాడు. “పట్టి తీసింది ఎవలట?” అంది అమ్మ. మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెంటబెట్టుకొని షెడ్డు గేటు ముందు నిలబడింది. సైరన్ మోగింది, ఎండెక్కింది. “ఇంటికి పో అక్కా, నా నౌకరి పోతది” అని వాచ్‌మన్ బతిమాలాడు. సార్ కారు వచ్చింది. అమ్మ ఆ చాపిన చెయ్యి అలాగే అడ్డం పెట్టి “సారూ, పట్టి తీసింది నువ్వు. నా మొగని పేరెందుకు ఖరాబు జేస్తున్నవ్?” అంది. అద్దం కిందికి దిగలేదు. అద్దం వెనక సార్ తల తిప్పుకొని అటువైపు చూశాడు. దుమ్ము మా మొహాన కొట్టి కారు లోపలికి పోయింది. నేను పగ పట్టింది సరిగ్గా అక్కడే. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు.

నా పగ తీర్చుకునే ప్రయత్నాలు ఏమంత గొప్పగా సాగలేదని ఒప్పుకోవాలి. ఉప్పల్ చౌరస్తాలో ఆ కంపెనీ పెద్ద బోర్డు పెడితే పేడముద్ద విసిరాను. గురి తప్పి పక్కనున్న సబ్బు ప్రకటన మీద పడింది. పెళ్లిచూపులకు ఒకాయన ఆ కంపెనీ బండి మీద వస్తే, టీ కప్పు చేతికివ్వకముందే ఈ సంబంధం వద్దన్నాను. పిల్లవాడు బుద్ధిమంతుడని ఇప్పటికీ చెబుతారు, ఉండనీ. కంపెనీ మాత్రం పెరుగుతూనే పోయింది. నాచారంలో నాయినకు ఏ షెడ్డులోనూ పని ఇవ్వలేదు, సార్ మాట అన్ని గేట్లకూ ముందే చేరిపోయింది. చివరికి ఉప్పల్‌లో రోడ్డు పక్కన రేకు కింద సొంతంగా వెల్డింగ్ పెట్టుకున్నాడు.

ఆ రేకు కిందికి ఏం వచ్చేవో తెలుసా? మెడలు విరిగిన ఆ కంపెనీ బండ్లే. ఉప్పల్‌లో ఆ పని అంత బాగా చేసేవాడు ఇంకొకడు లేడు మరి. నాయిన విరిగింది అతికి, దాని మీద అదే మూడు మూలల పట్టీ వేసి పంపేవాడు. ఇంటర్ చదివే నాకు అది చూస్తే ఒళ్లు మండిపోయేది. “వాని బండ్లు నువ్వెందుకు బాగుజేస్తున్నవ్ నాయినా? ఇరగనియ్యి, అందరికి తెలవనియ్యి” అన్నాను ఒకరోజు. నల్లద్దాలు పైకెత్తి నా వైపు చూశాడు. “బండి మీద గూసునేటోడు సారు గాదు గద బిడ్డా” అన్నాడు. ఆ మంచితనం నాకు రాలేదు, రావాలని కోరుకోనూ లేదు. నాయిన ఆ రేకు కిందే ముసలివాడై, ఎవరి మీదా ఒక్క మాట అనకుండా పోయాడు. ఆ మాట నేను అనాలని అప్పుడే అనుకున్నాను.

ప్రదర్శనశాల తెరిచే ఆదివారం వచ్చింది. అప్పటికి రెండు రోజుల ముందు అమ్మకు పేపరు చూపించి విషయం చెప్పాను. అమ్మ ఫోటో మీద వేలు పెట్టి ఫుట్‌రెస్ట్ తడిమింది. “సారు ఉంటడా ఆడ?” అని అడిగింది. ఉంటాడన్నాను. “అయితే మంచి చీర తీయ్” అంది. నేను తెలుగు టీచర్ని, కథలు రాస్తాను, మాటలు నా పని. నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకొని బ్యాగులో పెట్టుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా గీతలు గీసి పెట్టుకున్నాను.

లోపల చల్లగా ఉంది. నాయిన సుద్దతో బండి గీసిన నేల మీద ఇప్పుడు మొహం కనపడే టైల్స్. మధ్యలో జానెడెత్తు వేదిక మీద ఆ ఎర్ర బండి, దాని పక్కన సార్ పేరు చెక్కిన ఇత్తడి ఫలకం. బడి పిల్లల్ని, వాళ్ల టీచర్లను పిలిపించారు. సార్ చొక్కాకు చిన్న మైకు తగిలించుకొని నిలబడి మాట్లాడుతున్నాడు. గొంతు వణుకుతోంది కానీ కథ మాత్రం బాగా కంఠతా పట్టాడు. “ఆ రోజుల్లో పరీక్షలు చేయడానికి మనుషులెక్కడ? వెనక ఇసుక బస్తా కట్టుకొని నారపల్లి దాకా నేనే నడిపేవాణ్ని” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను బ్యాగులో చెయ్యి పెట్టాను. కాగితాలు చేతికి తగిలాయి. నలభై ఏళ్లు నూరుకున్న మాటలు, ఒక్కటీ బయటికి రాలేదు.

“సారూ” అంది పక్కనుంచి అమ్మ. “గా ఇస్క బస్త నేనే.”

ముసలావిడ జోకు వేసిందనుకొని అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు. అమ్మ అప్పటికే వేదిక దగ్గరికి పోయింది. “అమ్మమ్మా, బండిని ముట్టుకోవద్దు” అని అక్కడి అమ్మాయి అంటూనే ఉంది, “జర పట్టుకో బిడ్డా” అని అమ్మ నా భుజం ఆసరాతో సీటు మీదికి ఎక్కింది. సార్‌కు ఏమనిపించిందో, పెద్దమనిషి తరహాలో సాయం చేయబోయాడు. “అమ్మా, అటు కాదు. ఆడవాళ్లు ఇటువైపు తిరిగి కూర్చోవాలి” అన్నాడు. అమ్మ కదల్లేదు. “అందరు ఆడోళ్లు అటే గూసుంటరు సారూ. నేనొక్కదాన్నే ఇటు. నా కుడి చెయ్యి వంగది గద” అని ఆ చెయ్యి చాపి చూపించింది. ఎడమచెయ్యి ముందుకు, మనిషి భుజం ఉండాల్సిన చోటికి పోయి, ఖాళీ సీటు మీద ఆగింది. రెండు పాదాలూ జారి ఫుట్‌రెస్ట్ మీద కూర్చున్నాయి, వేలెడు పైకీ లేదు, కిందికీ లేదు. “మెడ కాడ పట్టి గూడ ఉన్నది సూడు. మిగతాయి గది లేకనే ఇరిగినయి” అంది.

సార్ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. అమ్మ పాదాలు చూశాడు, చాపిన చెయ్యి చూశాడు. గేటు ముందు తన కారుకు అడ్డం పెట్టిన చెయ్యి అదేనని గుర్తొచ్చిందనుకుంటాను. “యాదగిరి...” అన్నాడు. తనలో తనే అన్నాడు, కానీ చొక్కాకు మైకు ఉంది. షెడ్డు నాలుగు మూలల నుంచీ మా నాయిన పేరు వినపడింది. వెనకనుంచి ఒక పంతులమ్మ “యాదగిరి ఎవరు సార్?” అని అడిగింది. ఆయన మైకు ఆపే మీట కోసం వేళ్లతో చొక్కా అంతా వెతుక్కున్నాడు, దొరకలేదు. అందాకా ఆయన రొప్పు కూడా అందరికీ వినిపించింది. అప్పుడు నేను చెప్పాను, నాలుగు పేజీలు కాదు, ఒకే మాట. “ఈ బండి చేసినాయన. మా నాయిన.” నాకు జాలి వేసిందా అని మీరు అడగొచ్చు. వేయలేదు. ఆయన వయసు చూసైనా వేయాల్సిందేమో కానీ, నాకు ఎండలో అమ్మ మొహాన పడ్డ దుమ్మే కనిపించింది.

చెంగిచెర్ల పక్కన ఉన్న మా ఇంటికి ఆటోలో బయల్దేరాం. ఆ ఆదివారాల్లో వాళ్లిద్దరూ పోయిన రోడ్డే. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా మెట్రో పిల్లర్ల నీడలో బండ్లు ఇంచు ఇంచు కదులుతున్నాయి. వాటిలో ఆ కంపెనీవి ఎన్నో ఉన్నాయి. వాటి మీద కూర్చున్న ఆడవాళ్లు చాలామంది ఇప్పుడు అటూ ఇటూ కాళ్లు వేసి, ఎవరి భుజమూ పట్టుకోకుండా కూర్చుంటున్నారు. కొందరైతే నడిపేది వాళ్లే. అమ్మా నాయినా సర్వపిండి తిన్న నారపల్లి పొలాలు కూడా ఇప్పుడు ప్లాట్లే, గేటు దాటి ఎవర్నీ పోనివ్వరు. నాయిన రేకు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అది దాటుతుంటే ఎప్పటిలాగే తల తిప్పి చూశాను. అమ్మ చూడలేదు. ఆటో కడ్డీని ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని ఏదో ఆలోచిస్తోంది. అలసిపోయిందనుకున్నాను, ఇన్నేళ్లకు మనసు తేలికపడిందేమో అనుకున్నాను.

“బిడ్డా, గా ఇత్తడి పలక మీద ఇంక గాయన పేరే ఉన్నది గద?” అంది.

“ఉన్నదమ్మా.”

“అది రోజు తెరిచే ఉంటదా?”

“సోమవారం సెలవంట.”

అమ్మ కొంగు నడుముకు బిగించుకుంది.

“అయితే మంగళారం మల్ల పోదాం.”